ఫిలిప్పీన్స్ బంగారు యజ్ఞోపవీతం, న్యూయార్క్‌లో ఫణిగిరి తోరణం: ఊళ్లు తిరిగే ప్రదర్శనల మీద మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు (మనీలా)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఉద్యోగం మీద మనీలా వచ్చి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ ఆఫీసు, ఇల్లు, ఆదివారం బజారు, అంతే. పోయిన శనివారం మాత్రం మకాటిలోని అయాలా మ్యూజియానికి వెళ్లాను. అక్కడ స్పెయిన్ వాళ్లు రాకముందు నాటి బంగారం వెయ్యికి పైగా వస్తువులు పెట్టారు. 2008లో మొదలైన ప్రదర్శన అది. చెవులకు పెట్టుకునేవి, నడుము పట్టీలు, చనిపోయినవాళ్ల ముఖం మీద కప్పే బంగారు రేకులు, కిన్నరి ఆకారంలో ఒక చిన్న పాత్ర.

వీటిలో ఒకదాని దగ్గర నా కాళ్లు కదల్లేదు. అది బంగారు జంధ్యం. సన్న తీగలతో అల్లిన లావుపాటి పేట, భుజం మీంచి ఏటవాలుగా దిగి నడుము దగ్గర ముడి. బరువు దాదాపు 4 కిలోలు. వాళ్లు కూడా దాన్ని 'ఉపవీత' అనే అంటున్నారు. 10 నుంచి 13వ శతాబ్దం మధ్యదట. 1981లో మిందనావ్ దీవిలో, సురిగావ్ దెల్ సుర్ అనే చోట నీటిపారుదల పనులకు మట్టి తవ్వుతుంటే యంత్రం నడిపే మనిషికి ఈ నిధి కనబడింది. కొంత చేతులు మారిపోయింది. మిగిలినదాంట్లో కొంత ఈ మ్యూజియంలో, కొంత వాళ్ల సెంట్రల్ బ్యాంకులో ఉంది.

మా తాతగారు రోజూ స్నానం కాగానే జంధ్యం సవరించుకునే తీరు గుర్తొచ్చింది. ఇది ఇక్కడికి ఎలా వచ్చింది, ఎవరు వేసుకున్నారు అని అప్పటినుంచీ ఒకటే ఆలోచన. ఈ బంగారం వేరే దేశాలకు కూడా ప్రదర్శనకు వెళ్లిందని విన్నాను. మీలో ఎవరైనా చూశారా? ఫిలిప్పీన్స్ అనే కాదు, ఆసియా కళ మీద ఊళ్లు తిరిగే ప్రదర్శన ఏది చూసినా చెప్పండి.

జెర్సీసిటీ

నేను చూశాను అన్నా. న్యూయార్క్ ఆసియా సొసైటీలో 2015 సెప్టెంబరు నుంచి 2016 జనవరి మొదటి వారం దాకా పెట్టారు. సుమారు 120 వస్తువులు వచ్చాయి, అయాలా మ్యూజియం నుంచీ, మీరు చెప్పిన సెంట్రల్ బ్యాంకు నుంచీ. మీరన్న ఉపవీతం అందులో ఉంది. గది చీకటిగా ఉంచి ఒక్కో వస్తువు మీద చిన్న దీపం వేశారు. నా పక్కన ఒక ఫిలిపినో కుటుంబం నిలబడింది. వాళ్ల నానమ్మ చక్రాల కుర్చీలో ఉంది. ఆమె ఇంగ్లీషులో మనవళ్లతో "మనకి స్పెయిన్ వాళ్లు వచ్చాకే నాగరికత వచ్చిందని మాకు బళ్లో చెప్పారు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అక్కడున్న బంగారం మొత్తం కన్నా ఆ మాటే నాకు ఎక్కువ గుర్తుంది.

పాతరాయి (గుంటూరు)

గోదారిగట్టు గారూ, మంచి విషయం ఎత్తారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని, ఈ సంగతి కనిపిస్తే ఊరుకోలేను.

బంగారం సరే, మీరు మనీలాలోనే ఉన్నారు కాబట్టి రిజాల్ పార్కు దగ్గరున్న నేషనల్ మ్యూజియానికి వెళ్లి ఒక రాగిరేకు తప్పకుండా చూడండి. లగూనా తామ్రశాసనం అంటారు. పొడవు ఒక అడుగు కూడా ఉండదు, మొత్తం పది పంక్తులు. లగూనా ప్రాంతంలో నదిలో ఇసుక తీసేవాళ్లకి దొరికింది. 1990లో మ్యూజియం కొన్నది. ఆంటూన్ పోస్ట్‌మా అనే డచ్చి పండితుడు చదివాడు. లిపి జావా వాళ్లది, దాని పేరు 'కవి'. భాష పాత మలయ్, నిండా సంస్కృతం మాటలు.

మొదటి పంక్తి వినండి: స్వస్తి, శకవర్షాతీత 822, వైశాఖ మాసం, చతుర్థి, కృష్ణపక్షం, సోమవారం. ఇది మన పంచాంగం చదివినట్టు లేదూ? లెక్క కడితే క్రీ.శ. 900 ఏప్రిల్ 21 అవుతుంది. సరిగ్గా ఆ కాలంలో ఇక్కడ వేంగిని చాళుక్య భీముడు ఏలుతున్నాడు, మీ సామర్లకోట భీమేశ్వరాలయం కట్టించాడని చెప్పుకునే రాజు. ఆయన శాసనాలూ ఇలాగే స్వస్తితో మొదలవుతాయి.

ఇంతకీ ఆ రేకులో ఏముందంటే, నమ్వరన్ అనే మనిషి బాకీ తీరిపోయిందని. ఒక కాటి, ఎనిమిది సువర్ణాల (ఇవి ఆనాటి తూకాలు) బంగారం బాకీ. అది మాఫీ అయిందని అతని పిల్లలకు రాసిచ్చిన కాగితం. దాని పేరు కూడా శాసనంలోనే ఉంది: శుద్ధపత్రం. యుద్ధాలూ విజయాలూ కాదు, ఒక కుటుంబం అప్పు తీరిన పత్రం. ఆ దేశంలో తేదీ వేసి రాసిన వాటిలో దొరికిన అన్నిటికన్నా పాతది ఇదే. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం.

దావావో_మెడికో

నమస్తే అండి. నేను దావావోలో మెడిసిన్ చదువుతున్నా, మాది ఖమ్మం. ఇక్కడ తెలుగు పిల్లలం చాలామందిమి ఉన్నాం. కానీ మ్యూజియం గురించి మాట్లాడేవాళ్లు ఈ రోజు దాకా తగల్లేదు!

మాస్టారూ, మీరు చెప్పిన సంస్కృతం మాటలు ఇక్కడి భాషలో ఇప్పటికీ వాడుతున్నారు. ఫిలిపినోలో టీచరును గురో అంటారు. ముఖాన్ని ముఖా అంటారు. ఆశ అంటే ఆసా, కథ అంటే కథా, అడవి దేవత అంటే దివాతా. మొదటి ఏడాది భాష రాక ఏడుపొచ్చేది, ఈ మాటలు విన్నప్పుడల్లా కొంచెం ధైర్యం వచ్చేది.

ఒక విషయం చెప్పాలి. నా రూమ్మేట్ది అగుసాన్. సురిగావ్ పక్కనే ఉంటుంది. వాళ్ల జిల్లాలో 1917లో వరద తర్వాత వావా నది ఒడ్డున ఒక మనోబో గిరిజన స్త్రీకి బంగారు విగ్రహం దొరికింది. 21 కేరెట్ల బంగారం, పద్మాసనంలో కూర్చున్న దేవత, బరువు రెండు కిలోలకు కొంచెం తక్కువ. అగుసాన్ బంగారు తార అంటారు. 1922 నుంచి అది షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. నా రూమ్మేట్ చిన్నప్పుడు బడి గోడ మీద దాని బొమ్మ గీసిందట. వాళ్ల అమ్మమ్మ, అమ్మ, తను, ఎవరూ అసలు విగ్రహం చూడలేదు. తను దాని గురించి మాట్లాడేటప్పుడు "మా తార" అంటుంది.

సూటిమాట

ఇదే నేను అడగాలనుకున్నది. ఈ ఊళ్లు తిరిగే ప్రదర్శనలు ఎవరి కోసం? న్యూయార్క్, పారిస్, సింగపూర్ వాళ్లు చూస్తారు. దొరికిన ఊరివాళ్లు చూడరు. మన సంగతి మాత్రం వేరా? అమరావతి రాళ్లు 1859లో లండన్ చేరాయి, ఇంకా అక్కడే ఉన్నాయి. ప్రకాశం జిల్లా చందవరంలో 2001లో బౌద్ధ శిల్పం దొంగలెత్తుకుపోతే అది ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది. ఇవన్నీ చూశాక కూడా మనవాటిని పెట్టెల్లో కట్టి విమానం ఎక్కించాలా? దారిలో పగిలితే, వాళ్లు తిరిగి ఇవ్వకపోతే ఎవరు జవాబుదారీ? నా మాట కటువుగా ఉంటే ఏమనుకోకండి, నిజంగా బాధతోనే అడుగుతున్నా.

చెక్కపెట్టె (హైదరాబాద్)

సూటిమాట గారూ, మీ బాధ న్యాయమైనదే. నేను మ్యూజియం వస్తువుల సంరక్షణ పనిలో ఇరవై రెండేళ్లు చేశాను. కొన్ని సంగతులు చెబుతాను, దాని తర్వాత మీ అభిప్రాయం మీది.

దొంగసొత్తు వేరు, అరువుకి వెళ్లే వస్తువు వేరు. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ తప్ప ఎవరూ పురావస్తువును దేశం దాటించలేరు. ఫిలిప్పీన్స్ వాళ్లకీ 2010లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది, అనుమతి లేనిదే వస్తువు బయటికి పోదు. అమెరికాలో 1965లో ఒక చట్టం చేశారు. ప్రదర్శనకు అరువు వచ్చిన వస్తువును అక్కడి కోర్టులు ఏ కేసులోనూ పట్టి ఉంచకుండా ముందే రక్షణ ఇస్తారు. ఆ హామీ చేతికి వస్తే గానీ చాలా దేశాలు పెట్టె కట్టవు.

ఇక ప్రయాణం. వస్తువు కదలకముందు దాని ఆరోగ్య పత్రం రాస్తాం. ఎక్కడ బీట ఉంది, ఎక్కడ రంగు లేస్తోంది, ఏ అంచు పెళుసు, అన్నీ ఫోటోలతో సహా. పెట్టె మూసేటప్పుడు ఒకసారి, అవతల తెరిచాక ఒకసారి, ప్రదర్శన అయ్యాక మళ్లీ, ఇంటికొచ్చాక మళ్లీ ఆ పత్రం పక్కన పెట్టుకుని వేలు పెట్టి సరిచూస్తాం. పెట్టె లోపల వస్తువు ఆకారానికి తగ్గట్టు నురుగు పలకలు కోస్తాం. పెట్టె మీద కుదుపు పడితే రంగు మారే చీటీలు అంటిస్తాం. అవతల చేరగానే తెరవకూడదు. లోపలి గాలి కొత్త చోటికి అలవాటు పడాలి కాబట్టి కనీసం ఒక రోజంతా అలాగే ఉంచాలి. పంపిన మ్యూజియం మనిషి ఒకరు పెట్టెతోపాటే వెళ్తారు. రాత్రి రెండింటికి సరుకు విమానాల షెడ్డులో, చలిలో, పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న రోజులున్నాయి. కునుకు పడితే ఒట్టు. బీమా కూడా గోడ మీంచి దింపిన క్షణం నుంచి మళ్లీ అదే గోడకు ఎక్కే దాకా ఉంటుంది.

ప్రమాదమే లేదని అబద్ధం చెప్పను. ఒకసారి ఒక రాతి పలక అంచు లారీలో పెచ్చు లేచింది. గోరంత. పెట్టె విప్పగానే నేనే చూశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ పెచ్చును తిరిగి అతికించారు, చూసేవాళ్లకు తెలియదు, కానీ నాకు తెలుసు. అందుకే చెబుతున్నా, ప్రతి వస్తువూ ప్రయాణం చేయకూడదు. చేయగలిగినవి చేయాలి.

లిటిల్‌ఇండియా (సింగపూర్)

చెక్కపెట్టె అక్కా, ఇంత పని ఉంటుందని తెలియదు. ఇకనుంచి అద్దాల పెట్టె దగ్గర నిలబడినప్పుడు మీరు గుర్తొస్తారు.

ఇక్కడ ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో 2023 చివర్లో మొదలై 2024 మార్చి దాకా మనీలా గాలియన్లు అనే స్పెయిన్ వాళ్ల సరుకు ఓడల మీద ప్రదర్శన పెట్టారు. 1565 నుంచి 1815 దాకా, రెండు వందల యాభై ఏళ్లు, మనీలా నుంచి మెక్సికోలోని అకాపుల్కోకు ఏటా ఓడలు వెళ్లేవి. అటునుంచి వెండి, ఇటునుంచి చైనా పట్టు, పింగాణీ. మనీలాలో చైనా పనివాళ్లు చెక్కిన దంతపు మేరీమాత విగ్రహాలు ఉంటాయి. మేరీమాత కళ్లు చూస్తే అచ్చం బౌద్ధుల గువాన్యిన్ అమ్మవారి కళ్లే.

మావారికి కుతూహలం కలిగించిన సంగతి ఇంకోటి. ఆ ఓడల్లో మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు కూడా వెళ్లాయి. మద్రాసులోని ఇంగ్లీషువాళ్లకు మనీలాలో నేరుగా వ్యాపారం చేసే వీలు లేదు, అందుకని ఆర్మీనియా వర్తకుల పేరు మీద ఓడలు పంపేవాళ్లు. మా అమ్మమ్మది మచిలీపట్నం. ఆ మాట విన్నాక మామూలుగా ఉండలేకపోయాను.

పాతరాయి (గుంటూరు)

అమ్మాయీ, దానికి ఇంకొకటి కలుపుతాను. 1762లో ఇంగ్లీషువాళ్లు మనీలా మీద దండెత్తినప్పుడు ఆ నౌకలు బయల్దేరింది మద్రాసు నుంచే. మద్రాసు సిపాయిలు వాటిలో వెళ్లారు. 1764లో సైన్యం తిరిగి వచ్చేసినా, కొందరు సిపాయిలు రాలేదు. మనీలా పక్కనే ఉన్న కయింతా అనే ఊళ్లో స్థిరపడి అక్కడి ఆడపిల్లల్ని పెళ్లి చేసుకున్నారు. వాళ్ల సంతానం ఇప్పటికీ ఉంది. గోదారిగట్టు గారూ, అది మీకు దగ్గరే.

సూటిమాట గారి ప్రశ్న కూడా వదలకూడదు. ప్రదర్శన అనే మాటకి ఫిలిప్పీన్స్ చరిత్రలో చాలా చేదు ఉంది. 1887లో స్పెయిన్ ప్రభుత్వం మాడ్రిడ్‌లోని రెతీరో తోటలో ఫిలిప్పీన్స్ ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు టూరిస్టులు ఫోటోలు దిగే గాజు మహలు దానికోసం కట్టిందే. అందులో మొక్కలు, బట్టలతోపాటు మనుషుల్ని కూడా తెచ్చి చూపించారు. కొందరు ఆ పరాయి దేశంలోనే చనిపోయారు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హొసే రిజాల్ అప్పట్లో స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో ఎంతో ఆవేదన చెందాడు. 1904లో అమెరికా సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఇంకా పెద్దగా చేసింది. 47 ఎకరాలు, వెయ్యి మందికి పైగా ఫిలిపినోలు. ఇగొరోత్ గిరిజనుల ఊరులాగా కట్టించి, వాళ్లను అందులో ఉంచి టికెట్టు పెట్టి చూపించారు.

అందుకే ఆ దేశం నుంచి ఇప్పుడు బంగారం న్యూయార్క్ వెళ్లి, "మేము వెయ్యేళ్ల కిందట ఇదీ" అని నిలబడితే, దాని అర్థం వేరు. 2013లో పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియంలో ఫిలిప్పీన్స్ మీద పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు ఫిలిపినో విదుషి కొరజోన్ అల్వీనా. చూపించేది ఎవరు, మాట్లాడేది ఎవరు అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

జెర్సీసిటీ

సూటిమాట గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, నాకు జరిగింది మాత్రం చెప్పగలను.

మాది పాత నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట. మా ఊరి నుంచి ఫణిగిరి గంట దూరం కూడా లేదు. బండి మీద ఎన్నోసార్లు ఆ బోర్డు పక్కనుంచే వెళ్లాను. గుట్ట ఎక్కింది లేదు. అక్కడ బౌద్ధ స్తూపం ఉందని, తవ్వకాల్లో తోరణం దొరికిందని పేపర్లో చదివి పక్కన పెట్టేశాను.

2023 ఆగస్టులో న్యూయార్క్ మెట్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లాను. 'ట్రీ అండ్ సర్పెంట్' అని భారతదేశపు తొలినాటి బౌద్ధ కళ మీద ప్రదర్శన. 125కి పైగా వస్తువులు. అమరావతివి, నాగార్జునకొండవి, పాలరాయిలా తెల్లగా మెరిసే పలకలు. ఒక మలుపు తిరగ్గానే తోరణం దూలం. కింద చీటీ మీద: ఫణిగిరి, సూర్యాపేట జిల్లా, తెలంగాణ.

నేను అక్కడే కూర్చుండిపోయాను. మా పాప "ఏమైంది డాడీ" అంది. "ఇది మన ఊరు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఎనిమిది వేల మైళ్లు వస్తే గానీ నేను ఆ రాయిని చూడలేదు. ఆ రాయి కూడా అంత దూరం వచ్చింది. డిసెంబరులో అది సియోల్ వెళ్లింది, కొరియా నేషనల్ మ్యూజియంలో 2024 ఏప్రిల్ దాకా ఉందట.

తర్వాతి సంక్రాంతికి ఇండియా వచ్చినప్పుడు మొదటి పనిగా ఫణిగిరి గుట్ట ఎక్కాను. మా నాన్నకి డెబ్బై ఏళ్లు, ఆయనా ఎక్కారు. ప్రదర్శన వెళ్లి ఉండకపోతే నేను ఎక్కేవాణ్ని కాదు. ఇది నిజం.

సూటిమాట

జెర్సీసిటీ తమ్ముడూ, చదివి కళ్లు చెమర్చాయి. అయినా నా ప్రశ్న పోలేదు, ఇంకా గట్టిపడింది. నువ్వు చూశావు. గుట్ట కింద ఉన్న ఫణిగిరి వాళ్లు, పశువులు కాసుకునే పిల్లలు, ఆ తోరణాన్ని ఆ దీపాల వెలుగులో, ఆ చీటీతో, ఆ మర్యాదతో చూశారా? న్యూయార్క్ వెళ్లిన ప్రదర్శన సూర్యాపేటకు ఎందుకు రాదు?

చెక్కపెట్టె (హైదరాబాద్)

ఇది నేనూ నా ఉద్యోగం అంతా అడిగిన ప్రశ్నే. చెప్పుకోదగ్గ కారణాలు ఉన్నాయి. జిల్లాలో గాలి తేమ అదుపులో ఉంచే గది ఉండాలి. కరెంటు పోకూడదు. కాపలా ఉండాలి. రాయికి, బంగారానికి ఇబ్బంది తక్కువ. బట్ట, కాగితం, రంగులకు చాలా ఎక్కువ. బట్ట మీద వెలుతురు 50 లక్సులు దాటకూడదు, అంటే గదిలో మసక వెలుతురే ఉండాలి. అదీ మూడు నాలుగు నెలలు చూపించాక చీకట్లో విశ్రాంతి ఇవ్వాలి. ఎండ తగిలి పోయిన రంగు తిరిగి రాదు.

కానీ ఇవన్నీ చేయలేని పనులు కావు. సియోల్ పంపడానికి పెట్టె కట్టగలిగినవాళ్లం సూర్యాపేట పంపడానికి కట్టలేమా? కడతాం. అడిగేవాళ్లు ఉండాలి, డబ్బు కేటాయించేవాళ్లు ఉండాలి. విదేశాలకు వెళ్లే ప్రతి ప్రదర్శనకూ బయల్దేరే ముందో, వచ్చాకో, దొరికిన జిల్లాలో ఒక నెల అని ఒప్పందంలోనే రాయాలని నేను రిటైరయ్యే ముందు ఒక నోట్ పెట్టాను. దాని మీద ఎవరూ సంతకం చేయలేదు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

గోదారిగట్టు (మనీలా)

ఈ విషయంలో ఇక్కడివాళ్లు ఒక మంచి పని చేశారు. 2016 జులై నుంచి నేషనల్ మ్యూజియం ప్రవేశం అందరికీ పూర్తిగా ఉచితం. రాజధానిలోనే కాదు, జిల్లాల్లో ఉన్న శాఖల్లోనూ. వెయ్యేళ్లు పైబడిన పడవలు దొరికిన బుటువాన్‌లో కూడా వాళ్లకి శాఖ ఉంది.

నిన్న మాస్టారు చెప్పారని రాగిరేకు చూడ్డానికి వెళ్లాను. ఆదివారం. చెప్పులేసుకున్న కుటుంబాలు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న నాన్నలు, క్యూ బయటదాకా. ఫిలిపినో చిత్రకారుడు హువాన్ లూనా గీసిన స్పోలియారియం ముందు నిలబడ్డాను, ఏడున్నర మీటర్లకు పైగా వెడల్పు. 1884లో మాడ్రిడ్‌లో బంగారు పతకం వచ్చిన చిత్రం అది. స్పెయిన్ 1958లో ఇచ్చింది. అప్పటిదాకా ఫిలిప్పీన్స్ వాళ్లు ఫోటోల్లో చూసుకున్న చిత్రం.

దావావో_మెడికో

తిరిగి రావడం అంటే బాలంగిగా గంటలు కూడా గుర్తొస్తాయి. 1901లో అమెరికా సైనికులు సమార్ దీవిలోని బాలంగిగా ఊరి చర్చి గంటలు ఎత్తుకెళ్లారు. అవి మూడు. రెండు వయోమింగ్‌లోని సైనిక స్థావరంలో, ఒకటి కొరియాలో అమెరికా దళం దగ్గర. 2018 డిసెంబరులో తిరిగొచ్చాయి. మ్యూజియంలో పెట్టలేదు. చర్చికే ఇచ్చారు. 117 ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో మోగాయి. మా వార్డులో పనిచేసే నర్సు అక్కది ఆ ఊరి పక్క ఊరే. ఫోనులో ఆ మోత వినిపించింది మాకు.

పడుగుపేక (పుట్టపాక)

అందరికీ దండాలు. చాలా రోజుల నుంచి చదువుడే గానీ రాయలేదు. బట్టల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మేము చేనేత పనివాళ్లం. తేలియా రుమాలు నేస్తాం. నూలును ఆముదం నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి మెదిపి, చిటికి కట్టి (అంటే రంగు అంటకూడని చోట పోగుల్ని బిగించి కట్టి), రంగులద్ది నేసే బట్ట. ఎరుపు, నలుపు, తెలుపు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

ఫిలిప్పీన్స్‌లో ఒక గిరిజన తెగవాళ్లు కూడా చిటికి కట్టి నేస్తారని, వాళ్లవీ ఎరుపు, నలుపు, తెలుపేనని యూట్యూబులో చూశా. పేరు నోరు తిరగలేదు. చెల్లె దావావోలో ఉన్నావు గదా, నీకు తెలుసా?

దావావో_మెడికో

తెలుసన్నా! త్నాలాక్ అంటారు. త్బోలి తెగవాళ్లు, లేక్ సెబు అనే చోట. దావావో నుంచి బస్సులో వెళ్లొచ్చు. నూలు కాదు, అబాకా అనే అరటి జాతి చెట్టు నార. నారను సన్నగా చీల్చి ఒక్కో పోగూ ముడేసి పొడవు చేస్తారు. పడుగు పోగులకే చిటికి. మైనం పట్టించిన దారంతో కడతారు. నలుపు, ఎరుపు చెట్ల నుంచే తీస్తారు. నేశాక గవ్వతో రుద్ది నునుపు చేస్తారు. డిజైను కాగితం మీద గీయరు. కలలో కనిపించిందే నేస్తారు. అబాకా దేవత ఫు దాలు కలలో ఇస్తుందని వాళ్ల నమ్మకం. లాంగ్ దులాయ్ అనే అమ్మమ్మకి 1998లో ప్రభుత్వం జాతీయ స్థాయి గౌరవం ఇచ్చింది. ఆవిడ 2015లో పోయారు. ఆమె నేర్పిన పిల్లలు ఇప్పుడు నేస్తున్నారు.

పడుగుపేక (పుట్టపాక)

కలలో వస్తుందా! మా తాత కూడా అనేటోడు, "చెయ్యి ఆగిన కాడ నిద్రపో, పొద్దున లెక్క దానంతట అదే వస్తది" అని.

మా రుమాళ్లు విదేశాల మ్యూజియాల్లో ఉన్నాయంటారు. మంచిదే. నేను ఒక ప్రదర్శనలో మా ఊరి రుమాలు అద్దం లోపల చూశా. కింద శతాబ్దం రాశారు, ప్రాంతం రాశారు. నేసినవాళ్ల పేరు లేదు. పేరు రాయడానికి వాళ్లకి తెలియకపోవచ్చు, పాతది గదా. కానీ ఇప్పుడు కొనుక్కుపోయే వాటికి కూడా రాస్తలేరు. చెక్కపెట్టె అమ్మా, మీ ఆరోగ్య పత్రంలో నేసినవాళ్ల పేరుకు ఒక గడి పెట్టించండి.

చెక్కపెట్టె (హైదరాబాద్)

పెట్టిస్తాను తమ్ముడూ. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నారు. ఈ రాత్రికే ముగ్గురికీ రాస్తాను.

దావావో_మెడికో

వచ్చే నెల సెలవుల్లో నా రూమ్మేటుతో లేక్ సెబు వెళ్తున్నా. పడుగుపేక అన్నా, నేతవాళ్లని ఏం అడగాలో చెప్పు. నాకు బట్ట గురించి ఏమీ తెలియదు.

పడుగుపేక (పుట్టపాక)

రాసుకో చెల్లె. చిటికి కట్టిన దారం విప్పినంక మళ్లీ వాడుతరా, పారేస్తరా. మేము సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు వాడుతం, వాళ్ల మైనం దారం ఎన్నిసార్లు ఆగుతదో అడుగు. మొదట ఏ రంగు ముంచుతరు, నలుపా ఎరుపా. నార తెగితే ముడి ఎట్ల వేస్తరు, వీలైతే ఆ ముడి దగ్గరనుంచి ఫోటో తీయి. వెనక వైపు కూడా తీయి, అందరూ ముందే తీస్తరు. ఇంకొకటి. నేసిన అమ్మ పేరు అడిగి, ఆమె ఒప్పుకుంటే ఇక్కడ రాయి. ఎరుపు పూర్తిగా పట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో మరిచిపోకుండా అడుగు. మాకు అక్కడనే ఇబ్బంది అవుతుంది.

దావావో_మెడికో

అన్నీ రాసుకున్నా. వెనక వైపు ఫోటో మొదట పెడతా.